సీసీ కెమెరా అలారాలు, నోటిఫికేషన్లు పనికొచ్చేలా అమర్చుకోవడం ఎలా?

కొత్తగా కెమెరాలు పెట్టించుకున్న రోజు దాదాపు అందరూ ఒకే పని చేస్తారు. యాప్ తెరిచి, ఉన్న కెమెరాలన్నింటికీ మోషన్ డిటెక్షన్ ఆన్ చేసి, నోటిఫికేషన్లు కూడా ఆన్ చేసేస్తారు. ఆ రాత్రి ఫోన్ మోగుతూనే ఉంటుంది. చెట్టు కొమ్మ ఊగిందని ఒకసారి, పిల్లి గోడ దూకిందని ఒకసారి, మలుపు తిరుగుతున్న బండి లైటు గోడ మీద పడిందని ఇంకోసారి. రెండో రోజు ఓపిగ్గా తెరిచి చూస్తారు. మూడో రోజు విసుగు. నాలుగో రోజు మ్యూట్. ఇక అక్కడి నుంచి కెమెరాలు రికార్డు చేసుకుంటూ పోతాయి, మనం నిద్రపోతూ ఉంటాం.

ఇలా మ్యూట్ అయిన ఫోన్లు నేను చాలా చూశాను. చాలావరకు కెమెరాలో లోపం ఉండదు, వైరింగూ బాగానే ఉంటుంది. అలారం వస్తే ఎవరు లేవాలి, లేచి ఏం చేయాలి అన్నది ఎవరూ అనుకుని ఉండరు, అంతే. అందుకే సెట్టింగ్స్ మెనూ కాసేపు మూసేసి, ఒక కాగితం తీసుకోండి.

1. కాగితం మీద మూడు గడులు గీయండి

మొదటి గడిలో ఏం జరిగితే అని రాయండి. రెండో గడిలో ఎవరికి తెలియాలి. మూడో గడిలో తెలిశాక వాళ్లు చేయాల్సిన పని. ఉదాహరణకు: రాత్రి 11 దాటాక వెనక గేటు దగ్గర మనిషి కనిపిస్తే, వాచ్‌మన్‌కీ మీకూ తెలియాలి, వాచ్‌మన్ టార్చి తీసుకుని వెళ్లాలి, మీరు లైవ్ తెరిచి చూడాలి. మూడో కెమెరా ఆగిపోతే టెక్నీషియన్‌కు తెలియాలి. అతను పొద్దున్నే వచ్చి చూడాలి.

మూడో గడిలో ఏమీ రాయలేకపోతే ఆ సంఘటనకు నోటిఫికేషన్ పెట్టకండి. రికార్డు అవ్వనివ్వండి, లాగ్‌లో పడనివ్వండి, ఎప్పుడైనా వెతుక్కోవడానికి పనికొస్తుంది. పగలు ముందు గేటు దగ్గర జనం తిరగడం ఇలాంటిదే. తెలిసినా మీరు చేసేదేమీ లేదు.

రాసినవాటిని మళ్లీ మూడు రకాలుగా విడగొట్టండి: నిద్ర లేపాల్సినవి, వీలైనంత త్వరగా చూడాల్సినవి, నమోదైతే చాలు అనుకునేవి. నిద్ర లేపాల్సినవి నాలుగైదు దాటాయంటే మీరు కాస్త భయపడి రాశారన్నమాట. మళ్లీ వడపోయండి.

2. గడియారం, పాస్‌వర్డ్, కరెంటు

ఈ మూడూ ఎవరికీ ఆసక్తి లేని విషయాలే గానీ, వీటిని వదిలేసి ముందుకు వెళ్తే మిగతాదంతా ఇసుక మీద కట్టినట్టే.

అలారాలు ఏ వేళల్లో పనిచేయాలన్న షెడ్యూల్ నడిచేది రికార్డర్ (కెమెరాల వీడియో దాచుకునే పెట్టె) గడియారం మీద. అది నలభై నిమిషాలు వెనకబడి ఉంటే, మీరు 11కి మొదలవ్వాలనుకున్న కాపలా 11:40కి మొదలవుతుంది. కెమెరాలో ఒక టైము, రికార్డర్‌లో ఇంకో టైము, తలుపు సెన్సర్‌లో మరో టైము ఉంటే, రేపు ఏది ముందు జరిగిందో తేల్చలేరు. టైమ్ సెట్టింగ్స్‌లో ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైము దానంతటదే సరిచేసుకునే పద్ధతి) ఆన్ చేసి, టైమ్ జోన్ సరిచూడండి. కెమెరాలు రికార్డర్ నుంచే టైము తీసుకునేలా పెడితే ఇంకా మంచిది.

డీఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్లతోనే ఉండిపోయిన కెమెరాలనూ డీవీఆర్‌లనూ (వీడియో రికార్డర్లనూ) లక్షల్లో చేజిక్కించుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 21న వాటిలో చాలావాటిని ఒకేసారి డైన్ అనే ఇంటర్నెట్ సంస్థ (సైట్ల పేర్లను వాటి చిరునామాలకు కలిపేది) మీదకు మళ్లిస్తే ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి పెద్ద సైట్లు చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. కాపలా కోసం పెట్టుకున్న కెమెరాలే దాడికి పనిముట్లయ్యాయి. రిమోట్‌గా చూడాలని రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా రికార్డర్‌కు తలుపు తెరవడం) పెట్టమని ఎవరైనా చెబితే వద్దనండి. వీపీఎన్ (మీకు మాత్రమే తెరుచుకునే భద్రమైన దారి) పెట్టుకోండి, లేదా కంపెనీ యాప్ ఇచ్చే దారి వాడుకోండి. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) కూడా ఇప్పుడే అప్‌డేట్ చేసేయండి. అన్నీ సెట్ చేశాక అప్‌డేట్ చేస్తే ఒక్కోసారి సెట్టింగ్స్ మారిపోతాయి.

ఇక కరెంటు. రికార్డర్‌కు మాత్రమే యూపీఎస్ పెట్టి సరిపెట్టేవాళ్లు ఎక్కువ. కరెంటు పోయినప్పుడు రికార్డర్ బతికే ఉంటుంది, పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కెమెరాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఆగిపోవడంతో కెమెరాలు పోతాయి, రౌటర్ ఆగిపోవడంతో నోటిఫికేషన్ బయటికే వెళ్లదు. మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. ఇంటర్నెట్ కేబుల్ తెగితే వేరే దారి కావాలనుకుంటే సిమ్ వేసుకునే రౌటర్ ఒకటి తోడు పెట్టుకోండి.

3. అలారాన్ని దేనితో పుట్టించాలో ఎంచుకోండి

మామూలు మోషన్ డిటెక్షన్‌కు మనిషి అంటే ఏమిటో తెలియదు. ఒక ఫ్రేమును దాని ముందు ఫ్రేముతో పోల్చి, ఎన్ని పిక్సెల్స్ మారాయో చూస్తుంది. మబ్బు కమ్మినా, వాన పడినా, నీడ జరిగినా దానికి కదలికే. దాన్ని రికార్డింగ్‌కు వాడుకోండి, నిద్ర లేపే అలారానికి మాత్రం వాడకండి.

అలారానికి మనిషి, వాహనం అని వేరుచేసి గుర్తుపట్టే డిటెక్షన్ వాడండి. దాంతోపాటు గీత దాటడం, ఒక ప్రాంతంలోకి చొరబడటం, ఒకేచోట చాలాసేపు తచ్చాడటం లాంటి నియమాలు పెట్టుకోవచ్చు. ఈ లెక్కంతా కొన్ని సిస్టమ్‌లలో కెమెరాలోనే జరుగుతుంది, కొన్నింటిలో రికార్డర్‌లో. రికార్డర్‌లో జరిగితే ఎన్ని ఛానల్స్‌కు (ఒక్కో కెమెరాకు ఒక ఛానల్) అని పరిమితి ఉంటుంది; పదహారు ఛానళ్ల రికార్డర్ నాలుగింటికే ఇవ్వొచ్చు. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి.

కెమెరా ఒక బ్రాండు, రికార్డర్ ఇంకో బ్రాండు అయితే ఇంకో చిక్కు ఉంది. బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ "మనిషి గీత దాటాడు" అన్న కబురు రికార్డర్‌కు చేరదు. రెండింటి మీదా ఓన్‌విఫ్ (వేర్వేరు బ్రాండ్ల పరికరాలు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ప్రమాణం) అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదు, ఏ ప్రొఫైల్ అన్నది చూడాలి. ప్రొఫైల్ ఎస్ ప్రధానంగా వీడియో కోసం. ప్రొఫైల్ టి లో కదలిక, కెమెరాను కెలకడం లాంటి సంఘటనలు కూడా ఉంటాయి. మనిషి, వాహనం లాంటివాటిని గుర్తించే విశ్లేషణ తాలూకు సమాచారం కోసం 2021లో వచ్చింది ప్రొఫైల్ ఎం.

తర్వాత దూరం లెక్క. కెమెరాకు కనిపిస్తున్నంత మాత్రాన గుర్తుపడుతుందని కాదు. 2014లో వచ్చిన ఐఈసీ 62676-4 ప్రమాణం దీనికి అంకెలు ఇచ్చింది: మనిషి ఉన్నాడని తెలియడానికి మీటరుకు 25 పిక్సెల్స్, ఎలా ఉన్నాడో చూడటానికి 62, తెలిసినవాడా కాదా అని పోల్చుకోవడానికి 125, ముఖం పట్టి ఫలానా అని రూఢి చేయడానికి 250. లెక్క తేలిక. కెమెరా బొమ్మ వెడల్పు 1920 పిక్సెల్స్ అనుకుందాం. గేటు ఉన్న దూరంలో బొమ్మలో ఈ చివర నుంచి ఆ చివరకు 30 మీటర్లు కనిపిస్తుంటే, 1920ని 30తో భాగిస్తే 64. ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ, అది మీ డ్రైవరో కొత్త మనిషో నోటిఫికేషన్‌లోని ఫొటో చూసి చెప్పలేరు. అదే 15 మీటర్లే కనిపించేలా లెన్స్ మారిస్తే 128 వస్తుంది. ఫొటో చూసి "మనవాడే" అని తిరిగి పడుకోవచ్చు. అర్ధరాత్రి లేచినవాడికి ఈ తేడా చాలా పెద్దది.

4. గీత ఎక్కడ గీయాలి

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, సగం తప్పుడు అలారాలు ఇక్కడే తగ్గుతాయి.

గీతను తలలు కనిపించే ఎత్తులో కాకుండా పాదాలు పడే నేల మీద గీయండి. గోడ మీద గీస్తే, గోడ అవతల నడిచేవాడి తల కూడా గీత దాటినట్టే లెక్కలోకి వస్తుంది. బొమ్మ అంచుకు ఆనించి కూడా గీయొద్దు. లోపలికొచ్చిన ఆకారాన్ని కొన్ని ఫ్రేముల పాటు వెంబడిస్తేనే సాఫ్ట్‌వేర్ అది మనిషి అని తేల్చుకోగలదు. అంచునే గీత ఉంటే, తేల్చుకునేలోపు మనిషి దాటేసి ఉంటాడు. గీతకు రెండు వైపులా మనిషి నాలుగడుగులు వేసేంత చోటు వదలండి. లోపలికి వచ్చేటప్పుడే మోగాలా, బయటికి వెళ్లేటప్పుడు కూడానా అన్నది బాణం గుర్తుతో ఎంచుకోవచ్చు. లోపలికి మాత్రమే పెడితే సగం గోల పోతుంది.

ప్రాంతం గీసేటప్పుడు రోడ్డును, ఊగే చెట్లను, మెరిసే నీటిని, జెండాలను బయట వదిలేయండి. తర్వాత అతి చిన్న, అతి పెద్ద ఆకారాల హద్దులు పెట్టండి. ఎవరినైనా ప్రాంతం చివరన నిలబెట్టి, తెర మీద అతనికంటే కాస్త చిన్న పెట్టె గీయండి. అంతకంటే చిన్నవి పిల్లులు, పక్షులు. ప్రాంతంలో కనీసం ఎన్ని సెకన్లు ఉంటే మోగాలి అన్నదానికి రెండు, మూడు సెకన్లతో మొదలుపెట్టండి. సెన్సిటివిటీ మధ్యలో ఉంచండి, తర్వాత అటోఇటో జరుపుకోవచ్చు.

రాత్రి కథ వేరు. ఒక గోడౌన్ వెనక కెమెరా రోజూ రాత్రి రెండు, మూడు గంటల మధ్య మోగేది. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా తప్పు దొరకలేదు. ప్రాంతం తిరిగి గీశాం, సెన్సిటివిటీ తగ్గించాం, మళ్లీ మోగింది. చివరికి రాత్రి క్లిప్పు నెమ్మదిగా తిప్పి చూస్తే, తెర మీద తెల్లగా వెడల్పాటిది ఏదో కదిలి మాయమవుతోంది. సాలీడు. లెన్స్ చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్ల వెలుగుకు పురుగులు వస్తాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది, లెన్స్‌కు రెండు అంగుళాల దూరంలో నడిచే సాలీడు బొమ్మలో మనిషంత కనిపిస్తుంది. వాన చినుకులు, దుమ్ము కూడా ఆ వెలుగులో నిప్పురవ్వల్లా మెరుస్తాయి. మెత్తటి గుడ్డతో తుడిచి, చీపురుతో గూడు తీసేశాక నెల రోజులు అలికిడి లేదు. శాశ్వతంగా తప్పాలంటే కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్) లైట్లు ఆపేసి, కాస్త దూరంలో వేరే ఐఆర్ లైటు పెట్టాలి. పురుగులు అక్కడికి పోతాయి.

5. ముఖ్యమైన చోట ఇద్దరు సాక్షులు

సైరన్ మోగించేంత పెద్ద నిర్ణయాన్ని ఒక్క కెమెరా మాట మీద తీసుకోకండి. కెమెరా మనిషిని చూసింది, తలుపు సెన్సర్ కూడా తెరుచుకుంది: ఈ రెండూ ముప్పై సెకన్ల లోపు జరిగితేనే సైరన్. ఏదో ఒకటే జరిగితే ఫోన్‌కు ఫొటో. కొన్ని రికార్డర్లలో, విడి సాఫ్ట్‌వేర్లలో ఇలాంటి జంట నియమం పెట్టుకోవచ్చు.

పీఐఆర్ సెన్సర్ కెమెరాకు మంచి జోడీ. అది వెలుగును పట్టించుకోదు, కదిలే వేడిని చూస్తుంది. నీడలు, హెడ్‌లైట్లు కెమెరాను మోసం చేసినంత తేలిగ్గా దాన్ని చేయలేవు. కాకపోతే చుట్టుపక్కల వేడి మనిషి ఒంటి వేడికి దగ్గరగా ఉన్నప్పుడు దాని చూపు మందగిస్తుంది. సెన్సర్ వైపు నేరుగా నడిచొచ్చే మనిషి కంటే అడ్డంగా దాటే మనిషిని బాగా పడుతుంది కాబట్టి, ఆ లెక్కన బిగించండి.

తలుపు సెన్సర్ వైర్లను రికార్డర్ అలారం ఇన్‌పుట్‌కు కలిపేటప్పుడు ఎన్‌ఓ (నార్మల్లీ ఓపెన్), ఎన్‌సీ (నార్మల్లీ క్లోజ్డ్) అని రెండు పద్ధతులు కనిపిస్తాయి. ఎన్‌సీ ఎంచుకోండి. అందులో మామూలప్పుడు సర్క్యూట్ మూసి ఉంటుంది, తలుపు తెరిస్తే తెగుతుంది, ఎవరైనా వైరు కోసేసినా తెగుతుంది. ఎన్‌ఓ పద్ధతిలో వైరు కోసేస్తే సిస్టమ్ ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.

6. అక్కడికక్కడ ఏం జరగాలి

మనిషి స్పందించేలోపు సిస్టమ్ తనంతట తాను చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అన్నింటికంటే ముందు రికార్డింగ్: అలారానికి ముందు పది సెకన్లు, తర్వాత కనీసం ముప్పై సెకన్లు ఉండేలా ప్రీ-రికార్డ్, పోస్ట్-రికార్డ్ పెట్టండి. ముందు పది సెకన్లు లేకపోతే, మనిషి ఎటునుంచి వచ్చాడో ఎప్పటికీ తెలియదు. ఆ క్లిప్పు తొందరగా చెరిగిపోకుండా లాక్ చేసే వీలుంటే అదీ ఆన్ చేయండి.

లైటు వెలగడం నాకు బాగా నచ్చిన స్పందన. ఎవరినీ ఇబ్బంది పెట్టదు, వచ్చినవాడికి తనను చూశారని తెలుస్తుంది, కెమెరాకు రంగుల బొమ్మ దొరుకుతుంది. రికార్డ్ చేసిన గొంతుతో హెచ్చరిక పెడితే రెండో మెట్టు. సైరన్ ఆఖరిది. దాన్ని రెండు, మూడు నిమిషాల్లో తనంతట తానే ఆగేలా పెట్టండి. పొరపాటున రాత్రంతా మోగిన సైరన్‌ను మర్నాడు మీరే పీకేస్తారు.

అటూఇటూ, పైకీ కిందికీ తిరుగుతూ జూమ్ చేసే పీటీజెడ్ కెమెరాను అలారం వచ్చిన వైపు తిప్పేలా పెట్టుకోవచ్చు. అయితే అది అటు చూస్తున్నంతసేపు ఇటు గుడ్డిదే. ముందు గేటు దగ్గర ఒకడు అలజడి చేస్తే, వెనక ఇంకొకడు దూరొచ్చు. కాబట్టి ఒకే పీటీజెడ్ మీద ఆధారపడకుండా కదలని కెమెరా కూడా ఉంచండి, నిమిషం తర్వాత పీటీజెడ్ తన చోటికి తిరిగి వచ్చేలా పెట్టండి.

రికార్డర్ వెనక ఉండే రిలే (అలారం వస్తే లైటునో సైరన్‌నో ఆన్ చేసే స్విచ్) చిన్న లోడ్‌కే పనికొస్తుంది, ఎంతవరకు తట్టుకుంటుందో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఇంటి కరెంటుతో నడిచే లైటును, పెద్ద సైరన్‌ను నేరుగా దానికి తగిలించకండి. మధ్యలో ఇంకో రిలే పెట్టాలి; ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఇంకొక్క మాట: అలారం వస్తే తలుపులు వాటంతట అవే లాక్ అయ్యే ఏర్పాటు, బయటికి వెళ్లే దారి మీద ఎప్పుడూ పెట్టొద్దు. లోపల మంట అంటుకుంటే ఆ తలుపే ప్రాణం తీస్తుంది.

7. కబురు ఫోన్ దాకా చేరే దారి

యాప్ నోటిఫికేషన్ కెమెరా నుంచి నేరుగా మీ జేబులోకి రాదు. రికార్డర్ నుంచి కంపెనీ సర్వర్‌కు, అక్కడినుంచి గూగుల్ లేదా యాపిల్ నోటిఫికేషన్ సర్వర్‌కు, అక్కడినుంచి ఫోన్‌కు. చివరి అడుగులో ఫోనే దాన్ని ఆపేయొచ్చు. అందుకే ఫోన్‌లో ఇవి చూడండి. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి కొత్త యాప్ నోటిఫికేషన్లకు అనుమతి అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కేస్తే ఒక్కటీ రాదు. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌ను ఆంక్షల్లేకుండా వదలండి, లేకపోతే వాడట్లేదనుకుని ఫోన్ దాన్ని పడుకోబెడుతుంది. డు నాట్ డిస్టర్బ్‌లో ఈ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి. ఐఫోన్‌లో క్రిటికల్ అలర్ట్స్ అనే సదుపాయం 2018లో ఐఓఎస్ 12తో వచ్చింది, సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. అయితే ఆ యాప్‌కు యాపిల్ అనుమతి ఇచ్చి ఉండాలి. లాక్ స్క్రీన్ మీద ఫొటో కనిపించాలా వద్దా అన్నదీ ఇప్పుడే తేల్చుకోండి, అందులో ఉండేది ఇంటివాళ్లో పనివాళ్లో కదా.

నిద్ర లేపే అలారానికి వేరే శబ్దం పెట్టండి. మెసేజ్ వచ్చినా, ఆఫర్ వచ్చినా, దొంగ వచ్చినా ఒకే "టింగ్" అంటే లాభం లేదు. ఇంకా గట్టి భరోసా కావాలంటే ఫోన్ కాల్ చేసే సర్వీసు, లేదా సిమ్ ఉన్న అలారం ప్యానెల్ జతచేయొచ్చు.

ఈమెయిల్ నిద్ర లేపడానికి పనికిరాదు, సాక్ష్యం దాచుకోవడానికి మాత్రం చాలా బాగుంటుంది. రికార్డర్‌నే ఎత్తుకుపోయినా ఫొటోలు మెయిల్‌లో ఉంటాయి. రికార్డర్‌లో ఎస్‌ఎంటీపీ సర్వర్ (మెయిల్ పంపే సర్వర్) పేరు, పోర్టు 587 లేదా 465, ఎన్‌క్రిప్షన్ ఆన్ అని నింపాలి. జీమెయిల్ వాడుతుంటే మామూలు పాస్‌వర్డ్ చెల్లదు; 2022 మే 30 నుంచి గూగుల్ ఆ దారి మూసేసింది. ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది పెట్టాలి. దీనికోసం విడిగా ఒక ఖాతా తెరవండి, మీ సొంత మెయిల్ వాడొద్దు. హోమ్ అసిస్టెంట్ (ఇంటి పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్), ఫ్రిగేట్ (కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) లాంటివి నడిపేవాళ్లకు ఎంక్యూటీటీ, వెబ్‌హుక్ అనే కబురు పంపే దారులు ఉన్నాయి; వాటితో ఏ కబురునైనా ఎటైనా మళ్లించుకోవచ్చు.

కబురులో ఏముందో కూడా చూసుకోండి. "ఛానల్ 07 ఈవెంట్" అని వస్తే, నిద్రమత్తులో ఏడోది ఏదో గుర్తురాదు. కెమెరాల పేర్లు "వెనక గేటు", "మెట్ల కింద", "జనరేటర్ గది" అని మార్చండి. "వెనక గేటు, మనిషి, 02:13", పక్కనే ఫొటో. మంచం మీదనుంచి లేవాలా వద్దా అన్నది ఆ ఒక్క లైనులో తేలిపోవాలి.

ఒకే మనిషి గేటు దగ్గర పది నిమిషాలు తిరిగితే నలభై నోటిఫికేషన్లు రాకూడదు. ఒకసారి మోగాక అదే కెమెరా రెండు, మూడు నిమిషాలు ఊరుకునేలా విరామం పెట్టండి. రికార్డింగ్ మాత్రం ఆగకూడదు. కొన్ని యాప్‌లలో ఈ రెండూ ఒకే సెట్టింగ్ కింద ఉంటాయి, మార్చాక సరిచూసుకోండి.

8. మొదటి మనిషి లేవకపోతే?

అందరికీ ఒకేసారి పంపితే, ఇంకొకరు చూసుకుంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. వరస పెట్టండి. మొదట ఒకరికి. రెండు నిమిషాల్లో చూశానని నొక్కకపోతే రెండోవారికి. వాళ్లూ పలకకపోతే మూడోవారికి ఫోన్ కాల్. మీ యాప్‌లో ఈ ఏర్పాటు లేకపోతే, కనీసం ఏ రాత్రి ఎవరి వంతో నోటితోనైనా చెప్పుకోండి.

ఒంటరిగా వెళ్లి తలుపు తీయొద్దని కూడా వాళ్లకు చెప్పండి. ముందు లైవ్ చూడాలి, లోపల మనిషి ఉన్నట్టు కనిపిస్తే పోలీసులకు ఫోన్ చేయాలి, తోడు లేకుండా వెళ్లకూడదు.

కాపలా ఆన్, ఆఫ్ చేసే పని మనుషుల జ్ఞాపకానికి వదలకండి. టైము ప్రకారం దానంతటదే ఆన్ అవ్వాలి. సెలవు రోజుల షెడ్యూల్ వేరుగా పెట్టాలి. ఆదివారం పగలంతా ఖాళీగా ఉండే చోటుకు కాపలా రాత్రికే ఉంటే ఏం ప్రయోజనం?

9. మౌనాన్ని నమ్మకండి

వారం నుంచి ఒక్క అలారం రాలేదు. అంతా సవ్యంగా ఉందా, సిస్టమే చచ్చిపోయిందా? ఫోన్ చూసి ఈ రెండింటినీ వేరు చేయలేరు.

కొన్నింటిని రికార్డరే చెబుతుంది: వీడియో లాస్ (కెమెరా బొమ్మ రాకపోవడం), హార్డ్ డిస్క్ లోపం, డిస్క్ నిండిపోవడం, తప్పు పాస్‌వర్డ్‌తో లాగిన్ ప్రయత్నాలు. ఇవి సాధారణంగా ఎక్సెప్షన్ లేదా అబ్‌నార్మాలిటీ లాంటి పేరున్న మెనూలో ఉంటాయి, చాలామంది ఆ మెనూ ఎప్పుడూ తెరిచి ఉండరు. కెమెరాను పక్కకు తిప్పడం, లెన్స్‌కు గుడ్డ కప్పడం, రంగు చల్లడం పట్టుకోవడానికి ట్యాంపర్ డిటెక్షన్ ఉంటుంది, అదీ ఆన్ చేయండి.

రికార్డరే ఆగిపోతే? ఇంటర్నెట్టే పోతే? చచ్చినవాడు తన చావు కబురు తాను చెప్పలేడు కదా. దానికి బయటినుంచి కనిపెట్టే కన్ను కావాలి. మీ రికార్డర్ కంపెనీ యాప్‌లో పరికరం ఆఫ్‌లైన్ అయితే తెలిపే నోటిఫికేషన్ ఉంటే ఆన్ చేయండి. లేదా రోజూ పొద్దున 8 గంటలకు ఒక ఫొటో మెయిల్‌కు వచ్చేలా పెట్టండి; ఎనిమిదింబావుకు రాలేదంటే ఏదో తేడా ఉందన్నమాట. పాత పద్ధతే, కానీ ఇంతవరకు నన్ను మోసం చేయలేదు.

10. దొంగలా వచ్చి పరీక్షించండి

అమర్చినవాడు పరీక్షిస్తే అన్నీ పాసవుతాయి. ఎక్కడ గీత ఉందో అతనికి తెలుసు, తిన్నగా వెళ్లి దాని మీదే నడుస్తాడు. సిస్టమ్ గురించి తెలియని మనిషిని పిలిచి, చీకటి పడ్డాక, కనబడకుండా లోపలికి రమ్మనండి. గొడుగు వేసుకుని ఒకసారి, నల్లటి బట్టల్లో వంగి నడుస్తూ ఒకసారి, గోడ పక్కగా ఒకసారి. ఎక్కడ దొరకలేదో అక్కడ మీ పని మిగిలి ఉంది.

చేతిలో స్టాప్‌వాచ్ ఉంచుకోండి. మనిషి గీత దాటిన క్షణం నుంచి ఫోన్ మోగేదాకా ఎంతసేపు? ఫోన్ మోగాక లైవ్ తెరుచుకునేదాకా ఎంతసేపు? ఫోన్‌ను వైఫై మీద ఒకసారి, మొబైల్ డేటా మీద ఒకసారి, రెండు గంటలు ముట్టుకోకుండా వదిలేసి ఒకసారి చూడండి. ఆ మూడోసారే అసలు సంగతి బయటపడుతుంది, నిద్రపోయే మనిషి ఫోన్ అలాగే ఉంటుంది కాబట్టి. పది సెకన్ల లోపు మోగితే బాగుంది. నిమిషం దాటితే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

తర్వాత చెడగొట్టండి. ఒక కెమెరా కేబుల్ పీకండి. లెన్స్ మీద టోపీ పెట్టండి. రౌటర్ ఆఫ్ చేయండి. మెయిన్ స్విచ్ ఆపి యూపీఎస్ ఎంతసేపు నిలబడుతుందో చూడండి. వీటిలో ప్రతిదానికీ మీ కాగితం మీద రాసిన మనిషికి కబురు చేరిందో లేదో టిక్కు పెట్టుకోండి.

11. రెండు వారాల లెక్క

మొదటి రెండు వారాలు ప్రతి అలారాన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఏ కెమెరా, ఎన్ని గంటలకు, నిజమా కాదా, కాకపోతే ఎందుకు మోగింది. పురుగు, కొమ్మ, హెడ్‌లైటు, కుక్క. రెండు వారాల తర్వాత చూస్తే సాధారణంగా ఒకటి, రెండు కెమెరాలే ఎక్కువ గోల చేస్తుంటాయి. వాటినే సరిచేయండి, మిగతావాటి జోలికి పోవద్దు.

ఒకసారికి ఒకే మార్పు. సెన్సిటివిటీ తగ్గించి, గీత జరిపి, విరామం పెంచి, అన్నీ ఒకే రాత్రి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది కొంప ముంచిందో అంతకన్నా తెలియదు. తగ్గించిన ప్రతిసారీ ఆ కెమెరా ముందు మళ్లీ ఒకసారి నడిచి చూడండి. గోల తగ్గించే ఉత్సాహంలో అసలు మనిషినే పట్టనంతగా తగ్గించేసిన కెమెరాలు తక్కువేమీ కాదు.

కాలం మారితే లెక్క మారుతుంది. వానాకాలంలో కొమ్మలు పెరిగి గీత మీదకు వస్తాయి. పగలు కురచబడితే నీడలు పడే వేళలు మారతాయి. కొత్త వీధిలైటు వెలిస్తే రాత్రి బొమ్మే మారిపోతుంది. మూడు నెలలకొకసారి లెన్స్ తుడవడం, గీతలు చూసుకోవడం, ఫోన్ల జాబితా సరిచూడటం ఒకేరోజు పెట్టుకోండి. ఎవరికి వారికి వేరే లాగిన్ ఇచ్చి ఉంటే, పని మానేసినవాళ్ల ఖాతాను ఆరోజే తీసేయడం తేలిక. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడుతుంటే, మానేసినవాడి ఫోన్‌లో మీ వెనక గేటు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది.

కొత్త వాచ్‌మన్ వచ్చిన మొదటి రాత్రి అతన్ని వెంటబెట్టుకుని గేటు దాకా నడవండి. అతని చేతిలోని ఫోన్ మోగాలి, అందులో అతని ఫొటోనే అతనికి కనిపించాలి. అప్పుడు మీరు రాసుకున్న కాగితం తీసి, మూడో గడిలో ఉన్నది చదివి వినిపించండి.